పంచ్ ముందే వినకుండా కామెడీ సినిమాకి వెళ్లడం ఎలా: వెంకటేష్ కొత్త సినిమా కోసం నా ఏర్పాట్లు

‘నువ్వు నాకు నచ్చావ్’, ‘మల్లీశ్వరి’ సినిమాలకు మాటలు రాసిన త్రివిక్రమ్ ఇప్పుడు మొదటిసారి వెంకటేష్‌ని డైరెక్ట్ చేస్తున్నారు. ఆ కబురు తెలిసిన రోజు నేను యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దుతున్నాను. ఎర్ర పెన్నుకి మూత పెట్టేసి మా చెల్లికి ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే, “అక్కా, నేనూ ఇప్పుడే చూశాను” అంది. 2001 సెప్టెంబర్‌లో ‘నువ్వు నాకు నచ్చావ్’కి వెళ్లినప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం, అది తొమ్మిదో తరగతి. మూడు గంటలకు పైగా ఉన్న సినిమా. నాన్న మా ఇద్దరి మధ్యలో కూర్చున్నారు. బయటికొచ్చేసరికి ముగ్గురికీ బుగ్గలు నొప్పి పుట్టాయి.

అప్పటి నుంచి వెంకటేష్ కామెడీ వస్తోందంటే చాలు, విడుదలకు నెల ముందు నుంచే నేను కొన్ని ఏర్పాట్లు చేసుకుంటాను. కొన్ని తప్పులు చేశాకే అవి కుదిరాయి. మీ అభిమాన నటుడు ఇంకెవరైనా ఇవి పనికొస్తాయి. నేను మాత్రం వెంకటేష్ సినిమాలతోనే చెప్తాను. నాకు బాగా తెలిసింది అవే.

సందర్భం వేరు, పంచ్ వేరు

యాక్షన్ సినిమా కథ ముందే తెలిసినా ఫైట్ చూస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఏడిపించే సినిమా రెండోసారి చూసినా ఏడుపొస్తుంది. జోక్ అలా కాదు. మొదటిసారి వినేటప్పుడు వచ్చే నవ్వు ఒక్కసారే వస్తుంది. తర్వాత వచ్చేది తెలిసిన పాట మళ్లీ విన్నప్పటి ఇష్టం. అదీ బాగుంటుంది, కానీ అది వేరే రకం.

ఈ తేడా నాకు 2019లో బాగా తెలిసొచ్చింది. ‘ఎఫ్2’ విడుదలైన కొద్ది రోజులకే మా స్టాఫ్ రూమ్‌లో ఒక సహోద్యోగి ఆ సినిమాలో ఒక సీన్ మొత్తం చేసి చూపించింది. గొంతు మార్చి, చేతులు తిప్పి, చాలా బాగా చేసింది. అందరం పడీ పడీ నవ్వాం. నేను ఆదివారం సినిమాకి వెళ్లాను. ఆ సీన్ వచ్చింది. హాలంతా ఘొల్లుమంది. నేను మాత్రం ‘ఇప్పుడు ఆ మాట అంటాడు, ఇదిగో అంటున్నాడు’ అనుకుంటూ కూర్చున్నాను. పక్కన చెల్లి కళ్లు తుడుచుకుంటోంది. నా నవ్వు స్టాఫ్ రూమ్‌లోనే అయిపోయింది.

అందుకే నేను పెట్టుకున్న నియమం ఇది: సినిమా గురించి సందర్భం ఎంతైనా తెలుసుకోవచ్చు, పంచ్ మాత్రం ఒక్కటి కూడా వినకూడదు. హీరో ఎవరు, ఏ ఉద్యోగం చేస్తాడు, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఎలాంటి ఇబ్బందిలో పడతాడు అన్నది సందర్భం. ‘ఎఫ్3’లో వెంకటేష్ పాత్రకి రేచీకటి, వరుణ్ తేజ్ పాత్రకి నత్తి అని ముందే తెలిసినా నాకేమీ నష్టం రాలేదు. పైగా రాత్రి సీన్ మొదలవగానే ఏం జరగబోతోందా అని ఇంకా ఆత్రం పెరిగింది. ఆ రేచీకటి వల్ల ఆయన దేనికి గుద్దుకుంటాడో, ఎవరిని ఎవరనుకుంటాడో తెలిస్తే అది పంచ్. అక్కడ చెవులు మూసుకోవాలి.

టీజర్, ట్రైలర్, పాటలు

పాటలు ఎన్నిసార్లు విన్నా ఫర్వాలేదు. నిజానికి వినాలి. ‘సంక్రాంతికి వస్తున్నాం’ పాటల్లో ‘గోదారి గట్టు’ విడుదలకు ముందే వచ్చింది. రమణ గోగుల గొంతు చాలా ఏళ్ల తర్వాత విని నేను బస్సులో లేచి నిలబడ్డంత పని చేశాను. 1998లో ‘ప్రేమంటే ఇదేరా’కి సంగీతం ఇచ్చింది ఆయనే, అదీ వెంకటేష్ సినిమానే. ఆ పాట నెల రోజులు విన్నాను. థియేటర్‌లో అది మొదలైనప్పుడు నా సంతోషం ఇంకా పెరిగింది తప్ప తగ్గలేదు.

టీజర్ ఒక్కసారి చూస్తాను. ట్రైలర్ చూడను. ట్రైలర్ రెండు మూడు నిమిషాలు ఉంటుంది. కామెడీ సినిమా ట్రైలర్‌ని కట్ చేసేవాళ్లు సినిమాలో గట్టిగా పేలే జోకుల్లోంచే కొన్నింటిని తీసుకోక తప్పదు. లేకపోతే జనం థియేటర్‌కి ఎందుకొస్తారు? వాళ్ల పని వాళ్లు చేస్తారు. ఆ సినిమాకి వెళ్లాలా వద్దా అని ఆలోచించేవాళ్ల కోసం ట్రైలర్ తీస్తారు. మనం వెళ్లాలని ఎప్పుడో నిర్ణయించుకున్నాం కదా.

అస్సలు ఆగలేకపోతే ఒక ఉపాయం ఉంది. మొదటి నలభై సెకన్లు చూసి ఆపేయండి. పాత్రల పరిచయం, సెటప్ సాధారణంగా ముందే వస్తాయి, జోకులు చివరికి పేరుస్తారు. ట్రైలర్ ఆఖర్లో టైటిల్ పడ్డాక వచ్చే చిన్న ముక్క మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చూడొద్దు. ఉన్నవాటిలో మంచి జోక్‌ని అక్కడే పెడతారు.

ఫోన్‌ని కట్టడి చేయడం

అసలు టెన్షన్ ఇక్కడే. మా చెల్లి కొడుక్కి పద్నాలుగేళ్లు. రోజుకి పది రీల్స్ పంపిస్తాడు. “పెద్దమ్మా, ఇది చూశావా? ఇదొక్కటీ చూడు పెద్దమ్మా” అంటాడు. వాడి ప్రేమ వాడిది. వాడితో ఒక ఒప్పందం చేసుకున్నాను. వాడు అన్నీ ఒక చోట దాచి, నేను సినిమా చూసిన రాత్రి ఒకేసారి పంపాలి. పోయినసారి అలా పంపినవి యాభై మూడు. అర్ధరాత్రి దాకా అన్నీ చూశాను.

బయటివాళ్లతో ఒప్పందాలు కుదరవు కాబట్టి సెట్టింగ్స్ మార్చుకోవాలి. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) మ్యూట్ చేసే పదాల జాబితా ఉంటుంది. అందులో సినిమా పేరు, హీరో పేరు, దర్శకుడి పేరు, హ్యాష్‌ట్యాగ్ పెట్టండి. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి పెట్టాలి. వెంకటేష్, వెంకీ, వెంకీ మామ అని జనం రకరకాలుగా రాస్తారు, అన్నీ పెట్టాలి. యూట్యూబ్‌లో ఆ సినిమా వీడియోలు కనిపించినప్పుడల్లా ఆసక్తి లేదు అని నొక్కుతూ ఉంటే రెండు మూడు రోజులకి తగ్గుతాయి. థంబ్‌నెయిల్ మీద డైలాగ్ మొత్తం రాసేవాళ్లున్నారు, వాళ్లతో జాగ్రత్త. వాట్సాప్‌లో గ్రూపుల్ని మ్యూట్ చేస్తే మోత మాత్రమే ఆగుతుంది. ఆర్కైవ్ చేస్తేనే కంటికి కనిపించకుండా పోతాయి. స్టేటస్‌లు కూడా ఒక్కొక్కరివి మ్యూట్ చేయొచ్చు. థియేటర్‌లోంచి పదిహేను సెకన్ల ముక్కలు పెట్టేది ఎవరో మీకు ఈపాటికే తెలిసి ఉంటుంది.

ఇదంతా విడుదల రోజు పొద్దున మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే. అమెరికాలో ప్రీమియర్లు ముందు రోజే పడతాయి. మనం నిద్ర లేచేసరికే చూసినవాళ్లు రాసేసి ఉంటారు. ముందు రోజు సాయంత్రానికే అన్నీ సర్దేసుకోండి.

పాత సినిమాలు చూడండి, కానీ కొన్నే

అభిమానం పొంగుతున్నప్పుడు ఆయన కామెడీలన్నీ వరసపెట్టి చూడాలనిపిస్తుంది. అలా చేయకండి. ‘సంక్రాంతికి వస్తున్నాం’కి ముందు నేను అదే చేశాను. ఐదు రోజుల్లో ఐదు సినిమాలు. థియేటర్‌లో కూర్చున్నాక మొదటి అరగంటా ‘ఈ చూపు ఎఫ్2లో ఉంది, ఈ అరుపు మల్లీశ్వరిలో ఉంది’ అని లెక్కలు కడుతూనే ఉన్నాను. సినిమా నన్ను లాక్కుపోయేసరికి చాలాసేపు పట్టింది.

ఇప్పుడు రెండే చూస్తాను, అదీ విడుదలకు వారం ముందే ముగిస్తాను. ఈసారి ఏవో చెప్పక్కర్లేదు. త్రివిక్రమ్ మాటలు, విజయభాస్కర్ దర్శకత్వం, వెంకటేష్ నటన కలిసిన ఆ రెండూ.

చూసేటప్పుడు ఒక పని చేయండి. మీ నటుడు మాట్లాడుతున్నప్పుడు కాకుండా, ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు ఆయన్నే చూడండి. వెంకటేష్ గొప్పతనం నాకు అలాగే అర్థమైంది. పెద్ద హీరో అయ్యుండి కామెడీలో ఓడిపోయేవాడిగా ఉండటానికి ఆయన ఏమాత్రం వెనకాడడు. ‘మల్లీశ్వరి’లో పెళ్లికాని ప్రసాద్, ‘ఎఫ్2’లో పెళ్లాం చేతిలో నలిగిపోయే మొగుడు, ఇద్దరూ అలాంటివాళ్లే. అవతలివాళ్లు జోక్ వేస్తుంటే ఆయన వింటాడు. నిజంగా వింటాడు. కనుబొమ్మ కొంచెం లేస్తుంది, నోరు సగం తెరుచుకుని ఆగుతుంది, తర్వాత గొంతు పీలగా పైకి వెళ్తుంది. ‘నువ్వు నాకు నచ్చావ్’లో డైనింగ్ టేబుల్ సీన్‌ని ఒకసారి సౌండ్ తీసేసి చూడండి. ప్రకాష్ రాజ్ ఒక వైపు, వెంకటేష్ ఒక వైపు. మాటలు వినపడకపోయినా నవ్వొస్తుంది. ‘సంక్రాంతికి వస్తున్నాం’లో వెంకటేష్ కొడుకు పాత్ర బుల్లిరాజు అంతగా పేలడానికి సగం కారణం ఆ పిల్లాడి అల్లరైతే, మిగతా సగం పక్కన నిలబడి ఆ నవ్వంతా పిల్లాడికే వదిలేసిన వెంకటేష్ అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇలా చూడటం అలవాటైతే కొత్త సినిమాలో మీకు రెట్టింపు దొరుకుతుంది. హాలంతా మాట్లాడేవాడిని చూస్తుంటుంది, మీకు మాత్రం వినేవాడి ముఖం కూడా కనిపిస్తుంది.

ఏ ఆట, ఏ సీటు, ఎవరితో

కామెడీని ఇంట్లో ఒంటరిగా చూడొద్దు. ఇది నా ఇష్టం కొద్దీ చెప్తున్న మాట కాదు. నవ్వు మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, మనిషి ఒంటరిగా ఉన్నప్పటికంటే పక్కన మనుషులున్నప్పుడు సుమారు 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడని లెక్క తేల్చారు. ఓటీటీలో వచ్చేదాకా ఆగుదాం అనేవాళ్లకి నేను ఈ లెక్కే చెప్తాను.

నేను మొదటి రోజు సాయంత్రం ఆటకి వెళ్తాను. పొద్దున ఆటల్లో ఈలలు ఎక్కువ. ఈలలు నాకూ ఇష్టమే, కానీ అవి హీరో కోసం వేసేవి, జోక్ కోసం కాదు. పంచ్ పడాల్సిన చోట ఈల పడితే మాట వినపడదు. సాయంత్రానికి కుటుంబాలు వస్తాయి. పిల్లలు ఉంటారు, ముసలివాళ్లు ఉంటారు, తలా ఒక చోట నవ్వుతారు.

సీటు హాలు మధ్యలో, స్క్రీన్ నుంచి వెనక్కి మూడింట రెండు వంతుల దూరంలో తీసుకోండి. సౌండ్ అక్కడ బాగుంటుంది. అంతకన్నా ముఖ్యం, ముందు వరసల నవ్వు, వెనక వరసల నవ్వు రెండూ మీ మీదుగా పోతాయి. బుకింగ్ తెరిచిన గంటలోనే ఈ సీట్లు అయిపోతాయి, కాబట్టి ఎంతమంది వస్తారో ముందే తేల్చుకోండి. వచ్చేవాళ్లలో కనీసం ఒకరైనా పైకి గట్టిగా నవ్వే మనిషి ఉండాలి. మాకు మా చెల్లి ఉంది. జోక్ అయ్యాక దాన్ని వివరించే మనిషిని ఇంకో రోజు తీసుకెళ్లండి.

ఒక నవ్వు ఇంకో మాటని మింగేస్తుంది. పాత హాలీవుడ్‌లో మార్క్స్ బ్రదర్స్ అనే కామెడీ అన్నదమ్ములకి ఈ సంగతి బాగా తెలుసు. 1935లో వచ్చిన ‘ఎ నైట్ ఎట్ ది ఒపెరా’ తీయకముందే అందులోని కామెడీ సీన్లను ఊరూరా స్టేజీ మీద ఆడి, జనం ఎక్కడ ఎంతసేపు నవ్వుతున్నారో చూసుకున్నారు. నవ్వు సద్దుమణిగేదాకా తర్వాతి మాట రాకుండా సినిమాలో ఖాళీ వదలాలి కదా. మాటకి మాట తగులుతూ పోయే త్రివిక్రమ్ సంభాషణల్లో అంత ఖాళీ దొరకదు. మొదటి ఆటలో కొన్ని మాటలు పోతాయని తెలిసే వెళ్లండి. పక్కవాళ్లని “ఏమన్నాడు, ఏమన్నాడు” అని అడగకండి. అడిగితే మీ ఇద్దరికీ తర్వాతి రెండు జోకులు కూడా పోతాయి. ఆ పోయినవి రెండోసారికి.

ఫోన్ బయటికి తీయొద్దు. ఎంట్రీ సీన్ ఒక్కటే కదా అని రికార్డు చేసేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం థియేటర్‌లో అనుమతి లేకుండా సినిమాని రికార్డు చేయడం నేరం. తక్కువలో తక్కువ మూడు నెలల జైలు, 3 లక్షల రూపాయల జరిమానా ఉంటాయి. చట్టం సంగతి అలా ఉంచినా, మీరు స్టేటస్‌లో పెట్టే ముక్క ఇంకో అభిమానికి అందాల్సిన మొదటి నవ్వు.

వినికిడి తగ్గినవాళ్లని తీసుకెళ్లడం

దీని గురించి ఎవరూ రాయరు, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. మా నాన్నకి పదేళ్లుగా వినికిడి తగ్గుతూ వచ్చింది. చెవి మిషన్ పెట్టుకుంటారు. థియేటర్ మోతలో అది మాటని, సంగీతాన్ని, జనం గోలని కలిపి ఒకే ముద్దగా వినిపిస్తుందట. ‘ఎఫ్3’కి తీసుకెళ్లినప్పుడు ప్రతి జోక్ నేను ఆయన చెవిలో తిరిగి చెప్పాను. హాలు నవ్వడం అయిపోయాక ఆయన నవ్వేవారు, ఒక్కరే. ఇంటర్వెల్‌లో “నువ్వు సినిమా చూడట్లేదమ్మా, నాకోసం చదువుతున్నావు” అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

‘సంక్రాంతికి వస్తున్నాం’కి పద్ధతి మార్చాను. ముందు నేను చూసొచ్చాను. రెండో వారంలో, జనం తక్కువగా ఉండే మధ్యాహ్నం ఆటకి నాన్నని తీసుకెళ్లాను. బయల్దేరే ముందు ఇంట్లో కూర్చోబెట్టి కథలో సందర్భాలన్నీ చెప్పాను. వెంకటేష్ మాజీ పోలీసు, భార్య భాగ్యం, ఒకప్పుడు ప్రేమించిన అమ్మాయి ఇప్పుడు పోలీస్ ఆఫీసర్‌గా తిరిగొస్తుంది, ఆ అమ్మాయితో పాటు ఒక పనికి వెళ్లాలంటే భార్య కూడా వస్తానంటుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో కాగితం మీద గీసి చూపించాను. పంచ్ మాత్రం ఒక్కటీ చెప్పలేదు. థియేటర్‌లో ఒక్క ముక్క కూడా చెవిలో చెప్పలేదు.

ఆయనకి అన్ని మాటలూ వినపడలేదు. కానీ ఎవరు ఎవరిని చూసి ఎందుకు కంగారు పడుతున్నారో తెలుసు కాబట్టి ముఖాలు చదివేశారు. భాగ్యంగా వేసిన ఐశ్వర్యా రాజేష్ అలా కళ్లెత్తి చూడగానే వెంకటేష్ మాట మింగేసే చోట్ల నాన్న అందరితో పాటు నవ్వారు. రెండు మూడు చోట్ల అందరికన్నా ముందు నవ్వారు.

మీ ఇంట్లో ఇలాంటివాళ్లుంటే ఇదే చేయండి. గోడకి ఆనుకున్న చివరి సీట్లు కాకుండా మధ్య సీట్లు తీసుకోండి. సబ్‌టైటిల్స్ ఉన్న ఆట దొరికితే ఇంకా మంచిది, అయితే వాళ్లు ఆ భాష వేగంగా చదవగలరో లేదో ముందు చూసుకోండి. చదవడంలో పడితే ముఖం చూడటం పోతుంది.

చూసొచ్చాక

ఎవరైనా ఎలా ఉంది అని అడిగితే సందర్భం చెప్పండి, ఎంత నవ్వారో చెప్పండి, అక్కడితో ఆగండి. “ఇంటర్వెల్ ముందు ఒక పది నిమిషాలుంటుంది, నువ్వు చూసొచ్చాక మాట్లాడుకుందాం” అంటే చాలు, వాళ్లు టికెట్ తీసుకుంటారు.

మొదటి రోజు తీర్పు మీద దిగులు పడకండి. మీ నటుడి సినిమా బాగాలేదని ఎవరో రాస్తే గుండె కలుక్కుమంటుంది, నాకు తెలుసు. కానీ కామెడీకి కాలం ఇంకో రకంగా నడుస్తుంది. మహేష్ బాబుతో త్రివిక్రమ్ తీసిన ‘ఖలేజా’ 2010లో విడుదలైనప్పుడు ఆడలేదు. తర్వాత టీవీలో జనం మళ్లీ మళ్లీ చూసి, ఆ మాటలు రోజూ వాడుకునే మాటలైపోయి, 2025లో మళ్లీ విడుదల చేస్తే థియేటర్లు నిండాయి. అలాగని బాగాలేని దాన్ని బాగుందని వాదించక్కర్లేదు. నవ్వు రాకపోతే రాలేదని ఒప్పుకోండి, ఏ సీన్‌లో ఎందుకు రాలేదో మీకు మీరే ఆలోచించుకోండి. ఆయన్ని అంత శ్రద్ధగా చూసే మీకే అది బాగా తెలుస్తుంది.

రెండోసారి పది రోజుల తర్వాత వెళ్లండి. పోయిన మాటలు అప్పుడు దొరుకుతాయి.

ఈసారికి నా ఏర్పాట్లు మొదలయ్యాయి. మ్యూట్ చేయాల్సిన పేర్ల జాబితా రాసి పెట్టుకున్నాను. చెల్లి కొడుకుతో ఒప్పందం మళ్లీ ఖరారైంది. మొదటి రోజు సాయంత్రం ఆటకి నేను, చెల్లి. రెండో వారంలో ఒక మధ్యాహ్నం నాన్న. నిన్న రాత్రి ఆయన గదిలోకి వెళ్తే పాత డైరీలోంచి ఒక తెల్ల కాగితం చింపి, పెన్ను పక్కన పెట్టి కూర్చున్నారు. “ఈ సినిమాలో వెంకటేష్‌కి ఎవరెవరు ఏమవుతారు? గీసిపెట్టు” అన్నారు. ఇంకా విడుదల కాలేదు నాన్నా అన్నాను. ఆ కాగితం మడిచి తలగడ కింద పెట్టుకున్నారు.